కిటికీలకు, తలుపులకు రబ్బరు సరిగ్గా ఎక్కించడం ఎలా: దుమ్ము, జల్లు, తేళ్లు లోపలికి రాకుండా పూర్తి పద్ధతి

ఆషాఢం గాలి మొదలైతే అనంతపురంలో నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, కిటికీలన్నీ మూసే పడుకున్నాం. పొద్దున లేచేసరికి దుప్పటి మీద ఎర్రదుమ్ము" అంటారు. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి అవే కిటికీల నుంచి జల్లు కొడుతుంది. కొత్త రబ్బరు వేయించామని, అయినా ఆగలేదని సగం మంది చెబుతారు.

అల్యూమినియం, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీల పని నాది. వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో రబ్బరు మంచిదే ఉంటుంది, ఎక్కించిన తీరే తప్పు. దాన్ని లాగి ఎక్కిస్తారు. లాగిన రబ్బరు నెలలు గడిచేకొద్దీ తన అసలు పొడవుకు వెనక్కి పోతుంది, మూలల్లో నోరు తెరుచుకుంటుంది. రబ్బరును లాగకూడదు, తోసి కూర్చోబెట్టాలి. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంట్లో మీరే చేసుకోగలిగే పని ఎక్కువే ఉంది. ఫిట్టర్‌ను పిలవాల్సిన చోట ఆ మాట చెబుతాను.

1. ముందు సందు ఎక్కడుందో పట్టుకోండి

షాపుకు పోయి రబ్బరు కొనడం తర్వాత. దుమ్ము ఏ దారిన వస్తున్నదో తెలియకుండా కొంటే డబ్బు దండగ.

రాత్రిపూట గదిలో లైట్లు ఆర్పేయండి. బయట నుంచి ఒకరు కిటికీ అంచుల వెంబడి టార్చి నడిపించాలి, లోపల ఒకరు చూడాలి. వెలుతురు గీత కనపడిన ప్రతిచోటా ఒక బొట్టుబిళ్ల అతికించండి. పెన్సిలు గీతకన్నా అదే నయం, పగటిపూట దూరం నుంచి కూడా కనిపిస్తుంది.

వెలుతురు తిన్నగా పోతుంది, గాలికి వంకర దారి కూడా చాలు. అందుకే రెండో పరీక్ష అగరబత్తితో. గాలి వీచే రోజు ఫ్యాను ఆపి, వెలిగించిన అగరబత్తిని అంచుల వెంట మెల్లగా జరపండి. పొగ పక్కకు తిరిగిన చోట సందు ఉన్నట్టే. కర్టెన్లు ముందే తీసేయండి.

తలుపుకైతే దినపత్రిక ముక్క చాలు. తలుపు సందులో పెట్టి మూసి లాగండి. బిగుతుగా వస్తే సరే. జారిపోతే అక్కడ రబ్బరు తలుపును తాకడం లేదు. చింపుకొని వస్తే మరీ గట్టిగా నొక్కుతోంది. ప్రతి అడుగుకూ ఒకసారి ఇలా చూడాలి.

వాన లోపలికి వచ్చే కిటికీకి నీళ్ల పరీక్ష. బయట నుంచి మగ్గుతో ముందు కింది పట్టీ మీద పోసి, కొన్ని నిమిషాలు ఆగి లోపల చూడండి. తర్వాత పక్కలు, చివరికి పై అంచు. మొదటే పైనుంచి పోస్తే నీళ్లు అంతటా జారి, అసలు ఎక్కడ కారిందో తెలియకుండా పోతుంది.

రబ్బరుతో పోని జబ్బులు కొన్నున్నాయి. వాటిని ముందే వేరు చేసుకోండి:

☐ స్లైడింగ్ రెక్క ఒకవైపు వంగి నడుస్తోందా? కింది చక్రాలు అరిగాయి. చక్రాలు మార్చాకే సందు కొలవాలి.
☐ తలుపు కిందివైపు నేలకు రాసుకుంటోందా? బందులు, అంటే హింజీలు, వదులయ్యాయి.
☐ ఫ్రేము ఓరగా అయ్యిందా? ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పెట్టి రెండువైపులా కొలవండి. తేడా రెండు మూడు మిల్లీమీటర్లయితే రబ్బరు సర్దుకుంటుంది. ఐదు దాటితే ఫిట్టర్ రావాల్సిందే.
☐ దుమ్ము గీత గోడ పూతకూ ఫ్రేముకూ మధ్య ఉందా? దాని పని వేరు, 9వ భాగంలో ఉంది.

కర్నూలు వైపు నల్లరేగడి మీద కట్టిన ఇళ్లవాళ్లు మూడో అంశం తప్పకుండా చూడాలి. ఆ నేల తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మే నెలలో బిగుతుగా పట్టిన తలుపు నవంబరులో వదులుగా ఉండొచ్చు. అలాంటి ఇంట్లో ఒకే కొలత నమ్మొద్దు, ఎండల్లో ఒకసారి, వానల తర్వాత ఒకసారి కొలవండి.

2. ఏ సందుకు ఏ సరుకు

షాపులో "గ్లాసు రబ్బరు" అని అడిగితే చేతికందింది ఇస్తారు. నల్లగా ఉన్నదంతా ఒకటి కాదు.

*ఈపీడీఎం రబ్బరు.* ఎండకు, ఓజోన్‌కు, వానకు తట్టుకుంటుంది. మన దగ్గర బయటి గాలి 43, 44 డిగ్రీలుంటే పడమటి గోడ మీద నల్ల రబ్బరు ఇంకా చాలా వేడెక్కుతుంది. ఈపీడీఎం అది ఓర్చుకుంటుంది. దానికి పడనిది నూనె. కిరోసిన్, పెట్రోలు, గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది.

*పీవీసీ.* చవక. మెత్తదనం కోసం అందులో కలిపిన ద్రవం ఎండకు మెల్లగా బయటికి వచ్చేస్తుంది, పట్టీ గట్టిపడి కుంచించుకుపోతుంది. లోపలి గదులకు, నీడన ఉన్న వైపుకు పరవాలేదు. దక్షిణం, పడమర కిటికీలకు నేనైతే వాడను.

*సిలికోన్ పట్టీ.* వేడికి ఈపీడీఎంకన్నా బాగా ఆగుతుంది, కానీ ధర ఎక్కువ, త్వరగా చిరుగుతుంది. ఇళ్లకు అవసరం పడేది తక్కువ.

*ఊలు బ్రష్.* పేరుకే ఊలు, నిజానికి అది పాలీప్రొపిలీన్ పోగు. స్లైడింగ్ రెక్కలు జరగాలి కాబట్టి అక్కడ రబ్బరు పనికిరాదు, ఇదే కావాలి. పోగుల నడుమ సన్నని ప్లాస్టిక్ రెక్క ఉన్న రకం అడిగి తీసుకోండి. మామూలు దానికన్నా దుమ్మును బాగా ఆపుతుంది.

*అతికించే నురగ పట్టీ.* వెనక జిగురున్న స్పాంజి. ఏడాది తిరిగేసరికి నలిగి చదునైపోతుంది. అద్దె ఇంట్లో ఉండి, ఈ ఒక్క గాలికాలం గడిస్తే చాలనుకునేవాళ్లకు మాత్రమే.

కొనేముందు ఒక చిన్న పరీక్ష. షాపులో అరడుగు ముక్క అడగండి. దాన్ని మధ్యకు మడిచి కాగితాల క్లిప్పుతో గట్టిగా బిగించి, ఒక రోజంతా మిద్దె మీద ఎండలో వదిలేయండి. సాయంత్రం క్లిప్పు తీసి పది నిమిషాలు చూడండి. మంచి రబ్బరు దాదాపు మొదటి ఆకారానికి వస్తుంది. మడత అలాగే ఉండిపోతే అది మీ కిటికీలో కూడా అలాగే చదునై ఉండిపోతుంది. ఏ కంపెనీ ముద్ర ఉన్నా నేను ఈ పరీక్షనే నమ్ముతాను.

3. కొలత: గోధుమపిండి ముద్దతో

సందు ఎంత ఉందో కంటితో చెప్పలేం, స్కేలు లోపలికి దూరదు. గట్టిగా కలిపిన గోధుమపిండిని గోలీలంత ఉండలు చేయండి. చిన్న ప్లాస్టిక్ కవరు ముక్కలో చుట్టి తలుపుకూ ద్వారబంధానికీ మధ్య పెట్టండి. తలుపు మూసి గడియ వేసి, తీసి చూడండి. అణిగిన ఉండ మందమే సందు కొలత.

ఒక తలుపుకు కనీసం ఎనిమిది చోట్ల చూడాలి. పైన రెండు, గడియవైపు మూడు, బందులవైపు మూడు. అన్నీ రాసుకోండి.

బోలు రబ్బరుకు, అంటే లోపల గొట్టంలా ఖాళీ ఉన్నదానికి, నేను పాటించే లెక్క ఇది: తలుపు మూసినప్పుడు దాని ఎత్తులో మూడో వంతు వరకు అణగాలి. సందు 6 మి.మీ. అయితే 9 మి.మీ. ఎత్తున్న పట్టీ. అంతకన్నా లావుది వేస్తే తలుపు మూయడానికి భుజం పెట్టాల్సి వస్తుంది, ఆ ఒత్తిడికి బందులు వదులవుతాయి. ఒకే తలుపుకు ఒకచోట 4, ఒకచోట 8 వచ్చిందంటే రబ్బరు కొనకండి. ముందు బందులు సరిచేయించండి.

ఊలు బ్రష్‌కు రెండు కొలతలు కావాలి: గాడిలో దూరే అడుగు పట్టీ వెడల్పు, పోగుతో కలిపి మొత్తం ఎత్తు. అడుగు వెడల్పులో ఎక్కువగా దొరికేవి 4.8, 6.9 మి.మీ. రకాలు. ఎత్తు సందుకన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువ ఉంటే చాలు.

అద్దం గ్యాస్కెట్‌కు, అంటే అద్దం అంచు చుట్టూ గాడిలో వేసే రబ్బరు పట్టీకి, అద్దం మందం, గాడి వెడల్పు, రెండూ కావాలి. నోటి లెక్క వద్దు. పాత పట్టీ నుంచి రెండంగుళాల ముక్క కోసి షాపుకు పట్టుకుపోండి. ముక్కను మూలల దగ్గర, నీడన ఉన్న చోట కోయాలి. మధ్యలో ఎండకు చదునైన ముక్కను చూపిస్తే తప్పు సైజు ఇస్తారు.

4. సిద్ధం చేసుకోవాల్సినవి

☐ వెర్నియర్ కాలిపర్ లేదా మంచి స్టీలు స్కేలు
☐ కొత్త బ్లేడున్న కట్టరు (మొద్దు బ్లేడు రబ్బరును కోయదు, లాగుతుంది)
☐ 45 డిగ్రీల కోతకు చిన్న చెక్క అచ్చు
☐ అంచులు నున్నగా అరగదీసిన చెక్క ముక్క లేదా ప్లాస్టిక్ గరిటె, గాడిలోకి నొక్కడానికి
☐ సబ్బునీళ్లు, స్ప్రే బాటిలు
☐ పాత టూత్‌బ్రష్, ఇంటి వ్యాక్యూమ్ ఉంటే అది
☐ ఫెవిక్విక్ లాంటి జిగురు, మూలలకు మాత్రమే
☐ స్పిరిట్, నూలుగుడ్డ
☐ మందపు చేతి తొడుగులు, కళ్లద్దాలు

రబ్బరు చుట్టగా వస్తుంది. కొన్న రోజే ఎక్కించకండి. చుట్ట విప్పి గదిలో నేల మీద ఒక రాత్రి వదులుగా పరిచి ఉంచండి. చుట్టేటప్పుడు సాగిన భాగం తన పొడవుకు వస్తుంది.

5. పాతది తీయడం, గాడి కడగడం

పొద్దున ఆరుకు మొదలుపెట్టి పదిలోపు ముగించేలా చూసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని వద్దు. ఎందుకంటే నేను పని కొత్తలో ఒక ఇంటికి మే నెల మిట్టమధ్యాహ్నం పడమటి కిటికీలకు గ్యాస్కెట్ వేశాను. ఎండకు సాగి మెత్తగా ఉంది, తేలిగ్గా లాగుతుంటే ఎక్కింది, మూలలకు సరిగ్గా సరిపోయింది. డిసెంబరులో ఆ ఇంటావిడ పిలిచి చూపించింది. ప్రతి మూలలోనూ బొటనవేలు పట్టేంత ఖాళీ. మొత్తం మళ్లీ వేశాను. లాగొద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ కిటికీలే.

పాత పట్టీని ఒక మూల నుంచి పట్టుకారుతో మెల్లగా లాగి తీయండి. గట్టిపడి విరుగుతుంటే వేడినీళ్లలో తడిపిన గుడ్డ కాసేపు పెట్టండి. స్క్రూడ్రైవరుతో గీకొద్దు. అల్యూమినియం మీద పూత పోతుంది, అద్దం అంచుకు తగిలితే పగులు మొదలవుతుంది.

మన బోరునీళ్ల ఉప్పు తెల్లగా గాడుల్లో పేరుకుని ఉంటుంది. ముందు పొడిగా బ్రష్‌తో రాల్చి, తర్వాత సబ్బునీళ్లతో కడిగి తుడవండి. యాసిడ్ పోయొద్దు, అల్యూమినియం తినేస్తుంది. గాడి పూర్తిగా ఆరేదాకా ఆగండి.

6. అద్దం చుట్టూ గ్యాస్కెట్

ముందు మీ కిటికీ ఏ రకమో చూడండి.

ఇళ్లలో ఎక్కువగా ఉండే చిన్న అల్యూమినియం స్లైడింగ్ రెక్కల్లో, అద్దం అంచుకు "యూ" ఆకారం రబ్బరు తొడిగి సెక్షన్ (రెక్క చుట్టూ ఉండే అల్యూమినియం బద్ద) లోపలికి నొక్కుతారు. అది మార్చాలంటే మూలల స్క్రూలు విప్పి రెక్క మొత్తం ఊడదీయాలి. అద్దం పనికి అలవాటు లేకపోతే ఫిట్టర్‌ను పిలవండి. పిలిచి పక్కన నిలబడి కింద చెప్పినవి చేయించండి.

బీడింగ్, అంటే అద్దాన్ని ఫ్రేములో పట్టి ఉంచే సన్నని పట్టీలు, ఉన్న కిటికీలు ఇంట్లోనే చేసుకోవచ్చు. యూపీవీసీ బీడింగు తీసేటప్పుడు ముందు పొడుగు పట్టీ మధ్యలో పలచటి ప్లాస్టిక్ గరిటె దూర్చి లేపండి. తిరిగి వేసేటప్పుడు పొట్టివి ముందు, పొడుగువి చివర. బీడింగుకే రబ్బరు అతుక్కుని తయారైన రకమైతే రబ్బరు విడిగా దొరకదు, బీడింగు మొత్తం మార్చాలి. బీడింగు తీసినప్పుడు అద్దాన్ని ఒకరు పట్టుకునే ఉండాలి.

ఇక వరస:

మొదటిది, కోత. ప్రతి వైపూ విడిగా కోయండి. మీటరుకు 10 నుంచి 15 మి.మీ. ఎక్కువ పొడవు ఉంచండి. మీటరు ఇరవై సెంటీమీటర్ల వైపుకు సుమారు 15 మి.మీ. ఎక్కువ. ఇది మిగులు కాదు, కోసేయకండి. ఆ ఎక్కువంతా గాడిలోకే వెళ్లాలి.

రెండోది, బయటివైపు గ్యాస్కెట్. ఫ్రేము గాడిలో ముందు ఇది కూర్చోవాలి. సబ్బునీళ్లు చల్లి రెండు చివర్లనూ మూలల్లో నొక్కండి. తర్వాత సరిగ్గా మధ్యలో నొక్కండి. ఇప్పుడు రెండు చోట్ల పట్టీ ఉబ్బెత్తుగా లేచి నిలబడుతుంది. భయపడకండి, అలాగే ఉండాలి. ఆ ఉబ్బుల మధ్యన నొక్కి, అక్కడి నుంచి అటూ ఇటూ తోసుకుంటూ పొండి. మొత్తం లోపలికి దిగిపోతుంది. ఒక చివర మొదలుపెట్టి రెండో చివరదాకా వరసగా పోతే తెలియకుండానే లాగుతారు.

మూడోది, మూలలు. 45 డిగ్రీలకు కోసి, కలిసే ముఖాలకు ఒకే ఒక్క చుక్క జిగురు పెట్టి అర నిమిషం పట్టుకోండి. గాడి లోపల జిగురు పోయొద్దు. పట్టీని కోయకుండా మూల తిప్పాలనుకుంటే గాడిలో దూరే వేరుభాగాన్ని మాత్రమే చిన్న ముక్కోణంగా కోసి, అద్దాన్ని తాకే పెదవిని అలాగే ఉంచండి. ఒకే పట్టీ చుట్టూ తిప్పితే అతుకు పై అంచు మధ్యలో రావాలి. కింద అతుకు పెడితే నీళ్లు నేరుగా అందులోకే.

నాలుగోది, అద్దం. అడుగున గట్టి రబ్బరు దిమ్మెలు రెండుంటాయి, అద్దం వెడల్పులో రెండు చివర్ల నుంచీ పావు దూరంలో. పాతవి పోయి ఉంటే తప్పక కొత్తవి పెట్టండి. దిమ్మె లేని అద్దం ఫ్రేము మీద నేరుగా కూర్చుని, ఒకనాడు గాలికి తలుపు కొట్టుకుంటే పగులుతుంది.

ఐదోది, బీడింగు, ఆ తర్వాత లోపలి గ్యాస్కెట్. ఇది సందులోకి దూర్చి అద్దాన్ని బిగించేది. మళ్లీ అదే వరస: మూలలు, మధ్య, తర్వాత సగాల సగాలు. చేతి బలంతో దిగాలి. సుత్తి కావాల్సి వస్తే మీరు తెచ్చిన సైజు ఎక్కువ.

7. స్లైడింగ్ రెక్కలకు ఊలు బ్రష్

ఫ్రేము పైభాగంలో రెక్క ఊడకుండా ఆపే ముక్క ఉంటే ముందు అది తీయండి. రెక్కను పైకెత్తి, కిందివైపు లోపలికి లాగితే బయటికి వస్తుంది. రెండు చేతులూ, ఇద్దరు మనుషులూ ఉండాలి.

పాత బ్రష్ చివర పట్టుకారుతో పట్టి గాడి వెంట లాగండి. గాడిలో కొత్తది వేలితో తోస్తూ నడిపించండి. చివర మూలదాకా పూర్తిగా రావాలి. రెండు చివర్లా గాడి పెదవిని పట్టుకారుతో కొంచెం నొక్కేయండి, లేకపోతే రెక్క జరిగేకొద్దీ బ్రష్ ఒకవైపు జారి మూల ఖాళీ అవుతుంది.

రెక్కకు రెండువైపులా, పైనా కిందా, రెండు రెక్కలు కలిసే నిలువు పట్టీలో కూడా బ్రష్ ఉండాలి. చాలా ఇళ్లలో ఆ చివరిదే మరిచిపోతారు. ఇంకొకటి: రెండు రెక్కలు కలిసేచోట పైనా కిందా ట్రాక్‌లో వేలు పట్టే బొక్క ఉంటుంది. అన్నీ మార్చినా దుమ్ము వస్తోందని చెప్పే ఇళ్లలో దారి ఎక్కువసార్లు అదే. అక్కడ పెట్టే చిన్న ఊలు దిమ్మెలు దొరుకుతాయి. దొరక్కపోతే బ్రష్ ముక్కలు రెండు పక్కపక్కన అతికించండి.

ట్రాక్‌లో నూనె పోయొద్దు. మన దుమ్ముతో కలిసి సానపట్టే ముద్దలా తయారై చక్రాలను అరగదీస్తుంది.

కింది ట్రాక్‌కు బయటివైపు చిన్న చీలికలుంటాయి. అవి వాననీళ్లు బయటికి పోయే దారి. దుమ్ము వస్తోందని వాటిని సిలికోన్‌తో మూసినవాళ్లను చాలామందిని చూశాను. వాన పడగానే ట్రాక్ నిండి నీళ్లు గదిలోకి పొంగుతాయి. వాటిని పుల్లతో శుభ్రం చేయండి, మూయకండి.

8. తలుపు: చుట్టూ, అడుగున

టేకైనా వేపైనా చెక్క ద్వారబంధానికి రెండు దారులున్నాయి. ఒకటి జిగురు పట్టీ. రెండోది, వడ్రంగితో ద్వారబంధంలో మూడు నాలుగు మిల్లీమీటర్ల సన్నని గాడి కొట్టించి అందులో దూరే రబ్బరు. ఖర్చు కొంచెం ఎక్కువ, కానీ ఊడి రాదు, పాతబడితే లాగేసి కొత్తది దూర్చొచ్చు. సొంతింటికి రెండోదే చేయించమంటాను.

జిగురు పట్టీ వేస్తే: స్పిరిట్ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. కొత్త పెయింటు మీద వారం పది రోజులదాకా వేయొద్దు. పై అంచుతో మొదలుపెట్టి వెనక కాగితాన్ని ఒకేసారి కాకుండా జానెడు జానెడు తీస్తూ, లాగకుండా ఒత్తుకుంటూ రండి. ఆ రోజంతా తలుపు తీసే ఉంచితే జిగురు పట్టు బాగా వస్తుంది.

అడుగు సందు మన ఊళ్లలో అసలు సమస్య. తలవాకిలికి గడప ఉంటుంది, లోపలి గదులకు ఉండదు. తలుపు కింద పది పన్నెండు మిల్లీమీటర్లు వదులుతారు. దాంట్లో దుమ్మే కాదు, తేలు, జెర్రి కూడా వస్తాయి. తేలు పిల్లకు మూడు మిల్లీమీటర్లు చాలు. పసిపిల్లలు నేల మీద పడుకునే ఇంట్లో మొదట చేయాల్సిన పని ఇదే.

నాపరాయి నేల సమంగా ఉండదు. బేతంచెర్ల బండలైనా, తాడిపత్రి బండలైనా పాత ఇళ్లలో అతుకుల దగ్గర ఎత్తుపల్లాలుంటాయి. అందుకే తలుపు మూసినచోట మాత్రమే కొలిస్తే సరిపోదు. తలుపు తిరిగే దారి పొడవునా కొలవండి. ఎక్కడో ఒక బండ లేచి ఉంటే రబ్బరు అక్కడ రాసుకుని నెలరోజుల్లో చిరుగుతుంది.

అల్యూమినియం పట్టీకి రబ్బరు నాలుక ఉన్నది తీసుకోండి. స్క్రూ రంధ్రాలు నిలువుగా పొడుగ్గా ఉన్న రకమే కావాలి. నాలుక అరిగితే పట్టీని కిందికి దించుకోవచ్చు. బిగించే వరస:

☐ తలుపు వెడల్పుకన్నా 2 మి.మీ. తక్కువ కోయండి. అల్యూమినియంను బందులవైపు కాకుండా గడియవైపు కోస్తే కోత అంచు కనిపించి సరిచేసుకోవచ్చు.
☐ తలుపు మూసి, నాలుక నేలకు తగిలి 2, 3 మి.మీ. వంగేలా పట్టుకుని గుర్తు పెట్టండి.
☐ స్క్రూలు రంధ్రం మధ్యలో సగం బిగించండి.
☐ తలుపు పూర్తిగా తెరిచి మూసి చూడండి. రాసుకున్నచోట పట్టీ కొంచెం లేపండి.
☐ అప్పుడు పూర్తిగా బిగించండి.

ఎత్తుపల్లాలు ఐదు మిల్లీమీటర్లు దాటితే నాలుకతో కుదరదు. తలుపు మూసినప్పుడు మాత్రమే కిందికి దిగే యాంత్రిక సీలు ఉంది, లేదా మేస్త్రీతో సన్నని బండ గడప వేయించండి. గడపే చవక, గడపే మన్నిక.

కర్నూలులో 2009 వరద చూసినవాళ్లు కొందరు, ఈ రబ్బరు నీళ్లను ఆపుతుందా అని అడుగుతారు. జల్లునూ, వరండాలో పారే వాననీటినీ ఆపుతుంది. నిలబడిన నీళ్లను ఆపదు. దాన్ని నమ్మి ఉండకండి.

9. ఫ్రేముకూ గోడకూ మధ్య

ఇక్కడ గ్యాస్కెట్ కాదు, నురగ తాడు, సిలికోన్ కావాలి. పాలిథీన్ నురగతో తాడులా తయారయ్యే దీన్ని బ్యాకర్ రాడ్ అంటారు. సందుకన్నా పావు వంతు లావుది తెచ్చి లోపలికి నొక్కండి. పైన సిలికోన్ లోతు సందు వెడల్పులో సగం చాలు. తాడు లేకుండా సందు నిండా సిలికోన్ పోస్తే మూడువైపులా పట్టుకుని, ఫ్రేము వేడికి సాగినప్పుడు చీలిపోతుంది.

ఒక హెచ్చరిక. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ మన బండల మీద వాడొద్దు. కడప బండ, బేతంచెర్ల నాపరాయి సున్నపురాళ్లు. ఆ ఆమ్లం వాటిని తింటుంది, పట్టు ఊడుతుంది, మరక పడుతుంది. డబ్బా మీద "న్యూట్రల్" అని ఉన్నది అడిగి తీసుకోండి. గ్యాస్కెట్ ఊడిందని ఈపీడీఎం మీద సిలికోన్ పూయడం కూడా దండగ, దానికి అది అతుక్కోదు.

10. మూయకూడని సందులు

ఇల్లంతా బిగించాలన్న ఉత్సాహంలో ప్రాణం మీదికి తెచ్చుకోకండి.

వంటగదిలో సిలిండరు ఉంటే తలుపు అడుగు సందు మూయొద్దు. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే నిలుస్తుంది. అది పోయే దారి కింద ఉండాలి. బాత్రూములో గ్యాసు గీజరు ఉంటే కిటికీ, తలుపు ఏదీ సీలు చేయొద్దు. అక్కడ కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా చంపుతుంది. గీజరును బయటికి మార్పించడమే సరైన పని. ఇన్వర్టరు బ్యాటరీ పెట్టిన గదికి కూడా గాలి ఆడాలి, చార్జింగులో హైడ్రోజన్ వస్తుంది. కుంపటి, బొగ్గులు వెలిగించే గదికీ ఇదే మాట.

11. తప్పులు, సరిదిద్దడం

*మూలల్లో ఖాళీ వచ్చింది.* లాగి ఎక్కించారు. ఖాళీలో చిన్న ముక్క అతికించడం ఒక నెల ముచ్చట. ఆ వైపు మొత్తం తీసి పొడవు ఎక్కువగా కోసి కొత్తది వేయండి.

*పట్టీ అలల్లా లేచింది.* మధ్యలో నొక్కకుండా చివరి నుంచి తోశారు, లేదా గాడిలో మట్టి ఉంది. తీసి, కడిగి, మళ్లీ వరసగా.

*కొత్త పట్టీ వేశాక తలుపు మూయడం కష్టం.* వారం ఆగండి, కొంచెం సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే సైజు ఎక్కువ. బ్లేడుతో చెక్కి సన్నం చేయకండి.

*రబ్బరు జిగటగా మారింది.* నూనో కిరోసినో తగిలింది. కొన్నిచోట్ల తలుపు బందులకు వేసిన నూనె కారి వస్తుంది. కడిగితే బాగుకాదు, మార్చాలి.

*నల్ల పట్టీ బూడిదరంగై పొడి రాలుతోంది.* గోరుతో గుచ్చి చూడండి. మెత్తగా ఉంటే పైపొరే, తుడిస్తే చాలు. గట్టిగా ఉండి పగుళ్లుంటే దాని కాలం అయిపోయింది.

12. పని అయ్యాక

అదే రాత్రి టార్చి, మరునాడు అగరబత్తి, వారం తర్వాత నీళ్లు. మొదటి భాగంలో బొట్టుబిళ్లలు పెట్టిన ప్రతిచోటా మళ్లీ చూసి, సరైపోయినచోటే బిళ్ల తీయండి.

ఏడాదికి రెండుసార్లు, మే చివర గాలికి ముందు, సెప్టెంబరులో వానకు ముందు, తడిగుడ్డతో రబ్బరు తుడిచి, ట్రాక్ ఊడ్చి, నీళ్ల చీలికలు పుల్లతో తెరవండి. పెయింటు వేయించేటప్పుడు రబ్బరు మీద టేపు వేయమని పెయింటర్‌కు ముందే చెప్పండి. పెయింటు పడిన పట్టీ గట్టిపడి తలుపుకు అతుక్కుని చిరుగుతుంది.

మిగిలిన రబ్బరు, బ్రష్ ఒక్కో రకం నుంచి జానెడు ముక్క కవర్లో వేసి, దాని మీద సైజు, ఏ గది కిటికీది, కొన్న తేదీ రాసి బీరువాలో పెట్టుకోండి. ఇంకో ఏడెనిమిదేళ్లకు షాపుకు పోవాల్సి వచ్చినప్పుడు ఎండకు మారని అసలు ఆకారం మీ చేతిలో ఉంటుంది.